వీపున కుట్టిన కావలి

వస్త్రముపై కుట్టిన చిహ్నము శుభమును చేకూర్చునా? చేకూర్చునేని ఆ శుభము చిహ్నమునందున్నదా, కుట్టినవారి సంకల్పమునందున్నదా? ఈ ప్రశ్నను విచారించుటకు జపాను దేశీయుల కిమోనో వస్త్రములు మిక్కిలి తగియున్నవి.

ఆ వస్త్రములపై కనబడు చిత్రములు కేవలము కంటి వేడుకకు కావు. సారసపక్షి వేయేండ్లు జీవించునని అచ్చటి విశ్వాసము. కావుననే వివాహవస్త్రములపై దానిని కుట్టుదురు. ‘అస’ యను నారమొక్క నిటారుగను, శీఘ్రముగను ఎదుగును. బిడ్డయు అట్లే ఎదుగవలెనని దాని ఆకును పోలిన అసనోహ నమూనాను పసివారి దుస్తులపై వేయుదురు.

వీనికంటె మనస్సునకు హత్తుకొనునది సెమమోరి. పెద్దల కిమోనోకు వీపు నడుమ రెండు పన్నాలను కలుపు అతుకు ఉండును. పసిబిడ్డ మేనికి ఒక్క పన్నా గుడ్డయే చాలును, వీపున అతుకుండదు. అతుకు లేని వీపునుండి దుష్టశక్తులు ప్రవేశించునని పూర్వులు భయపడిరి. జపాను భాషలో అతుకును ‘నుయిమె’ యందురు. అందు ‘మె’ యనగా కన్ను. కన్నులేని వీపునకు కన్ను నొసగుటకై తల్లి రంగుదారముతో కొన్ని కుట్లు వేసెడిది. ఒక్కొక్కప్పుడు చిన్న బొమ్మయు కుట్టెడిది. అదియే సెమమోరి, అనగా వీపు కావలి. తొడిగిన బిడ్డకు అది కనబడదు. కనబడవలెనని తల్లియు కోరదు.

అయినను ఆ సూదిదారములే వేరొక త్రోవను కూడ నడచినవి. 1937లో చైనాతో యుద్ధము చెలరేగిన పిదప స్త్రీలు వీధులలో నిలిచి, దారిని పోవు స్త్రీలచే ఒక్కొక్క ఎర్రదారపు ముడి వేయించి, వేయి ముడులు నిండిన నడికట్టును సైనికులకు పంపిరి. దానికి సెన్నిన్‌బరి యని పేరు. పులి వేయి ‘రీ’ల దూరమేగి మరలివచ్చునను నానుడినిబట్టి, పులి సంవత్సరమున పుట్టిన స్త్రీ తన వయస్సెంతయో అన్ని ముడులు వేయవచ్చును. ఆ దశాబ్దముననే బాలుర కిమోనోలపై యుద్ధవిమానములును, ఫిరంగులును వెలసినవి.

ఈ మూడును ఒకటియేనా? కావని మా అభిప్రాయము. సెమమోరి బిడ్డను కాపాడ గోరును. బిడ్డనుండి ఏమియు కోరదు. ఫిరంగి బొమ్మ బిడ్డకేమియు ఈయదు. నాడు రాజ్యము కోరినదానిని వాని మేనిపై వ్రాయును. సెన్నిన్‌బరి ఈ రెంటి నడుమ నిలిచి మనలను బాధించును. అది కొడుకు ప్రాణముతో మరలిరావలెనను నిజమైన మొర. కాని ఆ కొడుకు చేతిలో కూలనున్న మరియొక తల్లి కొడుకును గూర్చి ఆ వేయి ముడులలో ఒక్కటియు పలుకదు. ప్రేమ సత్యమే, దాని చూపు మాత్రము మన గడప దాటలేదు.

కావున చిహ్నము ప్రాచీనమా, సుందరమా యని అడుగుట చాలదు. అది తొడుగువానికి ఏమి ఇచ్చుచున్నది, వానినుండి ఏమి కోరుచున్నది, పరుల బిడ్డను తలచుచున్నదా యని అడుగవలెను. పరభాషల నడుమ తరతరములుగా నివసించుచు, మన బిడ్డలకు పేరును, భాషను, ఆచారమును తొడుగుచున్న మనము ఈ ప్రశ్నను మనలనే వేసికొనుట యుక్తము. వారి వీపున మనము కుట్టుచున్నది కావలియా, బరువా?