ఓడ పక్కన గీత

ఓడలవాళ్ళ భాషలో ‘ఫ్రీబోర్డ్’ అని ఒక మాటుంది. నీటిమట్టం నుంచి డెక్కు దాకా ఓడ పక్కగోడ ఎంత ఎత్తు పైకి ఉంటుందో, అదే ఫ్రీబోర్డ్. సరుకు ఎక్కించేకొద్దీ ఓడ కిందికి దిగుతుంది, ఆ ఎత్తు తగ్గుతుంది. లాభం లెక్కలు చూసుకునేవాడికి అది వృథాగా పోతున్న చోటు. తుఫానులో చిక్కినవాడికి అదే ప్రాణం.

మరి ఆ ఖాళీ ఎంత ఉండాలో ఎవరు నిర్ణయించాలి?

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కొందరు యజమానులు పాత ఓడలకి భారీగా ఇన్సూరెన్స్ చేయించి, మోయలేనంత సరుకు నింపి పంపేవారు. మునిగితే యజమానికి డబ్బొచ్చేది, నావికుడి ఇంటికి చావు కబురొచ్చేది. శామ్యూల్ ప్లిమ్సాల్ అనే ఎంపీ ఏళ్ళ తరబడి పోరాడితే, బ్రిటిష్ ఓడల పక్కన బరువు గీత ఉండాలని 1876లో చట్టం వచ్చింది. కానీ ఆ గీత ఎక్కడ గీయాలో యజమాని ఇష్టానికే వదిలేశారు! దాని చోటు కూడా చట్టమే నిర్ణయించడానికి 1890 దాకా పట్టింది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న ప్లిమ్సాల్ స్మారకం నావికుల సంఘం పెట్టించినదే.

లాభం ఒకరిది, మునిగే ప్రాణం ఇంకొకరిది అయినప్పుడు, లాభపడేవాడు గీసుకున్న గీత వట్టి రంగు.

“ఒప్పుకునే కదా ఎక్కాడు, మధ్యలో నువ్వెవరు?” అనొచ్చు మీరు. ఆ రోజుల్లో ఒప్పందం మీద సంతకం పెట్టాక ఓడెక్కనన్న నావికుణ్ణి జైల్లో పెట్టేవారు. అది ఒప్పుకోవడమేనా?

అసలు గీత సరిగ్గా కనిపించినా చాలదు. 2014లో దక్షిణ కొరియాలో సెవోల్ అనే ఫెర్రీలో అనుమతికి రెండింతలు పైగా సరుకు ఎక్కించారు. గీత మునగకుండా ఉండటానికి, నిలకడ కోసం అడుగున ఉంచాల్సిన నీళ్ళు తగ్గించేశారు. 304 మంది పోయారు.

మా కన్సల్టింగ్‌లో ఫ్రీబోర్డ్‌కి ‘ఖాళీ గంటలు’ అని పేరు. ఈమధ్య నా టీములో, కంపెనీ వీసా మీద వచ్చిన కుర్రాడికి మూడో ప్రాజెక్టు కూడా ఇవ్వమన్నారు. “అతను సరేనన్నాడుగా” అన్నారు. కాదంటే వీసా ఏమవుతుందోనన్న భయంతో అన్న ‘సరే’ అది. పైకి గీత బాగానే ఉంది, అడుగున నీళ్ళే లేవు. నేను ఒప్పుకోలేదు. ఈ ఏడు నా రేటింగు మీద ఆ దెబ్బ పడొచ్చు. పడనీ.

ఇంకొకరి బరువుకి గీత గీసే అధికారం చేతికొచ్చినప్పుడు ముందు ఒక్కటి అడుగుకోవాలి: నేను ఓడలో ఉన్నానా, ఒడ్డున ఉన్నానా?