ఎవరి చేతి అన్నం?

అన్నం విషయంలో మతాలు అడిగే ప్రశ్నలు మూడు: ఏం తినాలి, ఎవరు వండింది తినాలి, ఎవరి పక్కన కూర్చుని తినాలి. మొదటిదాని మీద వాదన ఎప్పుడూ తెగదు. ఉపవాసాలు, శాకాహారం, హలాల్ అన్నీ దాని కిందికే వస్తాయి. మనుషుల్ని ఊళ్లకు ఊళ్లు విడదీసింది మాత్రం మిగతా రెండు ప్రశ్నలు. కరీంనగర్ బస్టాండు దగ్గరి ఏ చిన్న మెస్సులోనైనా, ఆదిలాబాద్‌లో ఏ టిఫిన్ సెంటర్లోనైనా ఈ రెండింటికీ పొద్దున్నుంచి రాత్రిదాకా జవాబు చెప్పుకోకుండానే జవాబు దొరుకుతూ ఉంటుంది. వచ్చినవాడు ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుంటాడు, తింటాడు, డబ్బిచ్చి పోతాడు. వండిందెవరో అతనికి తెలియదు. తిన్నదెవరో వండినవాళ్లకు తెలియదు. ధర్మం దృష్టిలో ఈ భోజనం ఏమిటి? ఆచారానికి పట్టిన లోపమా, కాలం తెచ్చిన మినహాయింపా, లేక దానికదే ఒక ధర్మమా?

ఈ ప్రశ్న మరీ సూటిగా ఎదురయ్యే చోటు జపాన్‌లో పేటపేటకూ ఉండే చిన్న సుషీ హోటల్. అక్కడ బల్లకు ఇటువైపు తినేవాళ్లు, అటువైపు వంటవాడు. ఉడికిన అన్నంలో వెనిగర్, ఉప్పు, చక్కెర కలిపి ఉంచుకుంటాడు. చేతులు తడి చేసుకుని, ఆ అన్నాన్ని చిన్న ముద్దగా ఒత్తి, మీద పచ్చి చేప ముక్క పరిచి, ఎదురుగా కూర్చున్నవాడి ముందు పెడతాడు. తినేవాడు దాన్ని చేత్తోనే తీసుకుని నోట్లో వేసుకోవచ్చు. ఈ రకం సుషీ 19వ శతాబ్దం మొదట్లో, ఇవాళ టోక్యో అని పిలిచే ‘ఎదో’ అనే నగరంలో, వీధి బండ్ల మీద పనివాళ్ల తిండిగా వ్యాపించింది. అపరిచితుడి అరచేయి, నీళ్లతో ఉడికిన అన్నం, పక్కన మరో అపరిచితుడు: మూడూ అక్కడ కళ్లెదుటే ఉంటాయి.

మన ఆచారంలో అంటుకు అన్నిటికంటే తొందరగా లోబడేది సరిగ్గా నీళ్లతో ఉడికిన అన్నమే. నూనెలో, నేతిలో వేగిన పిండివంటకు, పాలకు, పండ్లకు అంత పట్టింపు లేదు. వండని బియ్యానికి, పప్పుకు అసలే లేదు. అందుకే ఒకరింట వండింది ముట్టనివాళ్లు అదే ఇంటి నుంచి స్వయంపాకం సంతోషంగా పుచ్చుకుంటారు. గింజకు లేని దోషం ఎసట్లో పడగానే ఎలా వస్తుంది? పొలం దున్నిన చేయి, నాటు వేసిన చేయి, కోత కోసిన చేయి ఎవరివైనా ఫరవాలేదు, గంటె పట్టిన చేయి మాత్రం ఫలానావాళ్లదే కావాలన్న నియమం ఇది. బియ్యం పండించినవాళ్లనే వంటింటి బయట నిలబెట్టడానికి అది సాయపడింది.

శాస్త్రాల్లో దీనికి ఆధారం లేదనడం నిజం కాదు. ఎవరి అన్నం తినకూడదో మనుస్మృతి నాలుగో అధ్యాయం పెద్ద జాబితాయే ఇస్తుంది. అందులో దొంగ ఉన్నాడు, వడ్డీ వ్యాపారి ఉన్నాడు. వాళ్ల పక్కనే వైద్యుడు, దర్జీ, కమ్మరి, కంసాలి, నటుడు కూడా ఉన్నారు. ఇలా తప్పుచేసినవాణ్ణీ కష్టం చేసుకుని బతికేవాణ్ణీ ఒకే వరుసలో కూర్చోబెట్టడంలోనే ఆ జాబితా బలహీనత బయటపడుతుంది.

ఇంతకంటే లోతైన చర్చ ఛాందోగ్య ఉపనిషత్తు చుట్టూ నడిచింది. ఆహారం శుద్ధమైతే మనసు శుద్ధమవుతుందన్న ఉపదేశం దాని ఏడో అధ్యాయంలో ఉంది. ఇక్కడ ఆహారమంటే కంచంలోనిది మాత్రమే కాదని శంకరుల భాష్యం. కన్ను, చెవి, ముక్కు మొదలైన ఇంద్రియాల గుండా మనిషి లోపలికి తీసుకునే ప్రతి అనుభవమూ ఆహారమే, దానికి రాగద్వేషమోహాలు అంటకుండా చూసుకోవడమే శుద్ధి. రామానుజులు తినే తిండి అన్న అర్థాన్నే తీసుకున్నారు. ఆ సంప్రదాయం అన్నానికి మూడు దోషాలు చెప్పింది: పదార్థం స్వభావం వల్ల వచ్చే జాతి దోషం, ఎవరిదన్నదాని వల్ల వచ్చే ఆశ్రయ దోషం, వెంట్రుకో ఎంగిలో పడటం వల్ల వచ్చే నిమిత్త దోషం. తర్వాతి కాలపు మడి ఆచారానికి ఊతమైంది నడిమిది.

ఆశ్రయ దోషాన్ని పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. దోచుకున్న సొమ్ముతో పెట్టిన విందు తినకూడదన్న నీతి అందులో ఉంది, ఆ నీతి ఇవాళ్టికీ అవసరమే. హోటల్‌కు దాన్ని వర్తింపజేస్తే అడగాల్సిన ప్రశ్నలు మారతాయి: గిన్నెలు తోమే పిల్లాడి వయసెంత, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి కూలి గిడుతుందా అని. హోటళ్లలో, దాబాల్లో, ఇళ్లల్లో పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించడాన్ని కేంద్ర ప్రభుత్వం 2006 అక్టోబర్ 10 నుంచి నిషేధించింది. పసివాడి చేత ఎంగిలి పళ్లాలు ఎత్తించిన అన్నంలో ఆశ్రయ దోషం ఉంది. వంటామె ఏ వాడ నుంచి వచ్చిందన్న దాంట్లో లేదు.

అదే ఉపనిషత్తు మొదటి అధ్యాయంలో ఉషస్తి చాక్రాయణుడి కథ వస్తుంది. కురుదేశంలో పంటలు పోయి కరువొచ్చింది. ఆకలితో ఉన్న ఆ పండితుడు, ఒకడు తింటున్న ఉడికిన గింజలను అడిగి ఆ ఎంగిలే తిన్నాడు. తాగడానికి అతని నీళ్లు ఇవ్వబోతే వద్దన్నాడు. గింజలు తినకపోతే ప్రాణం పోయేది, నీళ్లు వేరేచోటా దొరుకుతాయి అన్నది అతను చెప్పుకున్న కారణం. ప్రాణం మీదికి వస్తే ఎవరి అన్నమైనా తినవచ్చని బ్రహ్మసూత్రాలు తేల్చింది ఈ కథను పట్టుకునే. అంటే హద్దు దాటడానికి శాస్త్రం ఒక్క దారి వదిలింది, అది ఆపద. ఆకలి తీర్చినవాడి నీళ్లను తిప్పికొట్టినప్పుడు ఆ మనిషి మనసు ఏమైందన్న ప్రశ్న కథలో రాదు. ఇవాళ్టి పాఠకుడు మాత్రం దాన్ని అడగకుండా ఉండలేడు.

మడి సిద్ధాంతానికి పక్కనే, దానితో కలిపేయకూడని మరో పాత ఆలోచన ఉంది. ఎవరి పొయ్యి మీద ఉడికింది తింటే వాళ్ల మనిషి అవుతారన్నది ఆ ఆలోచన. దానికి నిండైన ఉదాహరణ ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఉంది. ఏటా పుష్య అమావాస్యకు అక్కడ జరిగే నాగోబా జాతర మెస్రం వంశపు గోండులది. వాళ్లు కాలినడకన వెళ్లి జన్నారం వైపు హస్తినమడుగు నుంచి గోదావరి జలం తెస్తారు, మర్రిచెట్ల కింద విడిది చేస్తారు, తర్వాత గుడి పక్కనున్న గోవాడ్‌లోకి చేరతారు. వచ్చిన కుటుంబాలు ఎన్ని వందలున్నా గోవాడ్‌లో వంటకు ఉండే పొయ్యిలు 22 మాత్రమే. ఎవరి పొయ్యి ఏదో వంశంలోని శాఖలను బట్టి ఉంటుంది, ఆ వరుస తప్పదు. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లబట్టలు కట్టుకుని భేటింగ్ అనే తంతులో నాగోబా ముందుకు వస్తారు. అది జరిగాకే వంశపు పూజల్లో వాళ్లకు చోటు.

జపాన్ పాత కథల్లోనూ ఈ పొయ్యి తర్కమే కనిపిస్తుంది. 712లో కూర్చిన కొజికి గ్రంథంలో, చనిపోయిన ఇజనామి దేవిని వెనక్కి తెచ్చుకోవడానికి భర్త ఇజనాగి మృతుల లోకానికి వెళతాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె ఆ లోకపు పొయ్యి మీద వండింది తినేసింది, అక్కడి మనిషైపోయింది. మైల నిప్పు గుండా పాకుతుందన్న నమ్మకంతో షింటో ఆచారంలో కొన్ని సమయాల్లో వేరే నిప్పు మీద వండుకోవడం కూడా ఉంది.

అగ్రహారపు మడి, కేస్లాపూర్ పొయ్యి బయటికి ఒకేలా కనిపిస్తాయి, రెండూ గీత గీస్తాయి. ఆ గీత అవతలి మనిషిని అవి ఎలా చూస్తాయన్న దగ్గర దారులు వేరవుతాయి. గోండుల్లో ఒకే దేవతల గుంపుకు చెందినవాళ్లు అన్నదమ్ముల వరుస, వాళ్లమధ్య పెళ్లి కుదరదు. పిల్లను ఇవ్వాలన్నా తెచ్చుకోవాలన్నా వేరే గుంపుకే పోవాలి. కాబట్టి వంశపు పొయ్యికి అవతల ఉన్నవాడు రేపటి వియ్యంకుడు. కులపు గీత అలాంటిది కాదు. అది ఎవరితో కూర్చుని తినొద్దంటుందో వాళ్లతో పెళ్లీ వద్దంటుంది, పైగా వాళ్లను కింద నిలబెడుతుంది. గోండు సమాజంలోనూ ఎక్కువతక్కువల తిండి నియమాలు లేకపోలేదు. అయినా కలుపుకోవడానికి మూసిన వాకిలిని, తక్కువ చేయడానికి మూసిన వాకిలిని ఒకే గాటన కట్టడం సరికాదు.

సుషీ బల్లను చూసి జపాన్ వాళ్లకు ఈ పీడ లేదనుకోవడానికీ వీల్లేదు. తోలు పని, పశువధ చేసే జనాన్ని ఆ దేశం శతాబ్దాలపాటు మైలవాళ్లని వెలివేసింది. 1871లో ప్రభుత్వ శాసనం ఆ పాత హోదాలను రద్దు చేసింది. వివక్ష పోకపోవడంతో ఆ వర్గాలవాళ్లే 1922లో సుయిహేయిషా అనే ఉద్యమ సంస్థను స్థాపించుకున్నారు.

తెలుగు నేల మీద ఈ గీతను చెరపాలని చూసినవాళ్లలో పల్నాటి బ్రహ్మనాయుడి పేరు ముందు వస్తుంది. 12వ శతాబ్దంలో అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టిన ఆయన చాపకూడు కారంపూడి వీరారాధన ఉత్సవాల్లో ఏటా గుర్తుచేసుకుంటున్న ఆచారం. ఉత్తర తెలంగాణలో మాత్రం కలిసి తినడం సంస్కర్తల పిలుపుగా కాక మొక్కుగా బతికింది. పూర్వపు కరీంనగర్ జిల్లా వేములవాడలో రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది. కోడెను కట్టి మొక్కు చెల్లించినవాళ్లు అక్కడా దండం పెట్టుకుని పోతారు. పల్లెల్లో హిందువులు సైతం దర్గాల దగ్గర కందూరు చేస్తారు. ముస్లిం చేత యాటను హలాల్ చేయించి, అక్కడే చెట్ల కింద వండి, చుట్టాలకూ ఊరివాళ్లకూ పెడతారు. పీర్ల పండుగ మలీద కూడా ఇల్లిల్లూ తిరుగుతుంది. దేవుడి పేరు తోడుంటే గీత దాటవచ్చని జనం ఎప్పుడో తేల్చుకున్నారు. అయితే ఆ అనుమతి పండుగ రోజుది. తెల్లవారితే మళ్లీ ఎవరి గిన్నె వాళ్లదే.

రోజువారీ బతుకులో ఆ గీత దాటించే పని చేయాల్సి వచ్చింది హోటల్‌కు. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గుబావుల్లోకి పనికోసం ఎక్కడెక్కడి పల్లెల నుంచో అన్ని కులాలవాళ్లూ వచ్చారు. 250 మందికి మించి పనిచేసే గనిలో క్యాంటీన్ పెట్టించే అధికారాన్ని 1955 నాటి గనుల నియమాలు ఇచ్చాయి. షిఫ్టు దిగి మసి చేతులతో చాయ్ తాగే మనిషి పక్కవాడి ఇంటిపేరు విచారించే తీరిక తక్కువ. డబ్బు చేసిన మేలు ఇది, దీన్ని ఒప్పుకోవాలి. దానం పుచ్చుకున్నవాడు పెట్టినవాడికి తలొగ్గుతాడు, రొక్కం ఇచ్చి తిన్నవాడు తలెత్తుకుని బయటికి నడుస్తాడు.

అదే హోటల్ రెండు గ్లాసుల పద్ధతికీ చోటిచ్చింది. ఊళ్లలోని చాయ్ హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు, వేరే చోటు ఉండేవి. తాగినవాడే ఆ గ్లాసు కడిగి పెట్టి పోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనంపై విచారించిన జస్టిస్ పున్నయ్య కమిషన్ ముందుకు 2000 తర్వాత కూడా ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయి. అందరి దగ్గరా ఒకే ధర తీసుకుని అందరికీ ఒకే గ్లాసు ఇవ్వకపోవడం మడి కంటే హీనం. మడి పాటించేవాడు తన వంటింట్లో పాటిస్తాడు. ఇక్కడ ఎదుటివాడి డబ్బు తీసుకుని మరీ అవమానించారు.

కలిసి తింటే చాలదని అంబేడ్కర్ 1936లోనే కులనిర్మూలన ప్రసంగంలో వాదించాడు. సహపంక్తి భోజనాలు కులాన్ని చంపలేవు, పెళ్లిళ్లు కలవాలి అన్నది ఆయన మాట. అది నిజమే. హోటల్‌లో పక్కపక్కన తిన్న ఇద్దరు ఒకరింటికి ఒకరు పోకపోవచ్చు. పొయ్యి ఇచ్చే బంధుత్వం హోటల్ బల్ల ఇవ్వలేదు. అది ఇచ్చేది వేరు, నువ్వెవరని అడగకుండా పెట్టే అన్నం. ఎదుటి మనిషిని చూడగానే లేచే ద్వేషాన్ని, అసహ్యాన్ని పక్కనపెట్టి ముద్ద నోట్లో పెట్టుకోవడాన్ని శంకరుల భాష్యం చెప్పిన కొలతతో కొలిస్తే, ఆహారశుద్ధి ఆ బల్ల దగ్గరే జరుగుతోంది. కాబట్టి దాన్ని మినహాయింపుల కింద కాక ధర్మం కిందే లెక్కవేయాలి.

ఈ ధర్మానికి చట్టం తోడుంది. రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్లలోకి ప్రవేశాన్ని కులమతాల పేరుతో అడ్డుకోవద్దంది, 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 2004లో సుప్రీంకోర్టు బడి మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. ఆ వంట తినొద్దని పిల్లలకు చెప్పే తల్లిదండ్రులు ఎక్కడున్నా, ముందు తాము వెళ్లి ఆ బడి అరుగు మీద కూర్చుని ఒక ముద్ద తినాలి. ఇక హోటల్‌లో అంటరానితనం పేరుతో గ్లాసు వేరుచేస్తే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ కింద నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా పడతాయి. శిక్షపడిన హోటల్ లైసెన్సును రద్దుచేసే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది.