గడ్డి లేని ఇటుకలు

యోహాను ఉపదేశము వినుటకు యోర్దాను ప్రాంతమునకు వచ్చిన వారిలో సిపాయిలును ఉండిరి. మేమేమి చేయవలెనని వారడిగినట్లు లూకా సువార్త 3వ అధ్యాయములో చదువుచున్నాము. ఎవరిని బెదరించి సొమ్ము లాగవద్దనియు, ఎవరిమీదను అబద్ధపు నేరము మోపవద్దనియు, తమకు వచ్చు జీతముతో తృప్తిపడుమనియు ఆయన వారికి చెప్పెను. కత్తి పారవేసి యింటికి పొమ్మని మాత్రము చెప్పలేదు. అయితే ఆ సిపాయిలు అడుగని ప్రశ్న యొకటి కలదు. ప్రభుత్వము జీతము తగ్గింపక, పని చేయుటకు కావలసిన ఆయుధములనే తగ్గించినయెడల సిపాయి యేమి చేయవలెను? నోరు మూసికొనవలెనా? ఎదురు చెప్పవలెనా? ఉద్యోగము విడిచిపెట్టి పోవలెనా?

ఇది దొరల సంగతి, పొలము దున్నుకొను మనకేల అని చదువరులు అనుకొనవద్దు. కుమారుని సైన్యమునకు పంపి, ఉత్తరము కొరకో ఫోను కొరకో ఎదురుచూచు తల్లులు మన సంఘములలోను ఉన్నారు. ఆయుధముల కగు ఖర్చులో మనము కొనిన అగ్గిపెట్టె మీది పన్ను కూడ కలిసియున్నది.

ఈ ప్రశ్న బ్రిటిషు నౌకాదళములో రెండుసార్లు మిక్కిలి స్పష్టముగా వచ్చినది గనుక ఆ చరిత్రను కొంత చెప్పెదను.

1966వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో బ్రిటిషు రక్షణ మంత్రి డెనిస్ హీలీ ఒక నిర్ణయము ప్రకటించెను. నౌకాదళము వారు ఎంతో కాలముగా కోరుచున్న గొప్ప విమానవాహక నౌకను కట్టుట లేదని దాని సారాంశము. విమానవాహక నౌక యనగా సముద్రము మీద తేలు విమానాశ్రయము వంటిది. విమానములు దాని మీదనుండియే లేచి మరల దాని మీదనే దిగును. దేశము అప్పులలో ఉన్నది. రక్షణ ఖర్చు సాలుకు 200 కోట్ల పౌనులు మించరాదని ప్రభుత్వము హద్దు పెట్టుకొనెను. హీలీ యుద్ధమెరుగని మనుష్యుడు కాడు. 1944లో ఇటలీ దేశపు అంజియో తీరమున సైన్యము దిగినప్పుడు తాను స్వయముగా అక్కడ నున్నవాడు. కాబట్టి సైన్యమనిన గిట్టనివాడు చేసిన పని యని దానిని కొట్టివేయుటకు వీలులేదు.

అప్పుడు నౌకాదళ ప్రధానాధిపతియైన అడ్మిరల్ సర్ డేవిడ్ లూస్ రాజీనామా ఇచ్చెను. నౌకాదళ మంత్రి క్రిస్టఫర్ మేహ్యూ కూడ రాజీనామా ఇచ్చెను. మేహ్యూ చెప్పిన కారణమును మనము శ్రద్ధగా గమనింపవలెను. ఖర్చు తగ్గింపరాదని ఆయన వాదింపలేదు. సూయజు కాలువకు తూర్పున సింగపూరు వరకు కావలి కాయు పనిని అట్లే యుంచి, ఆ పనికి కావలసిన ఓడను తీసివేయుట సరికాదనెను. డబ్బు ఈయలేకపోయినయెడల పనినైన తగ్గింపుడని అడిగెను.

నిర్గమకాండము 5వ అధ్యాయము చదివినవారికి ఈ మాట కొత్తది కాదు. ఫరో తన కార్యనియామకులను పిలిచి, హెబ్రీయులకు ఇకమీదట గడ్డి ఈయవద్దనియు, ఇటుకల లెక్క మాత్రము ఒకటియు తగ్గరాదనియు ఆజ్ఞాపించెను. గడ్డి ఆపుటలో మాత్రమే ఫరో అన్యాయమున్నదని నేననుకొనను. ఏ యజమానికైనను గడ్డి కరవగు సంవత్సరము రావచ్చును. లెక్క తగ్గింపకపోవుటయే అన్యాయము. లెక్క కుదరనప్పుడు దెబ్బలు తినిన వారెవరు? గడ్డి ఆపినవారు కారు. ఇశ్రాయేలీయులలో ఆ పనిమీద ఉంచబడిన నాయకులు. నా యెరుకలో, కోతలు విధించు దొరతనముల మీద సిపాయి మోపగల ఫిర్యాదులలో న్యాయమైనది ఇదియే. తక్కినవాటిలో చాల వరకు గర్వము కలిసియుండును.

గిద్యోను కథ చూపి దీనికి ఎదురు చెప్పువారుందురు. 32,000 మంది 300 మంది యైనను జయము కలిగెను గదా అందురు. నిజమే. గుఱ్ఱములను విస్తారముగా సంపాదించుకొనవద్దని రాజులకు ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయములో ఆజ్ఞయు ఉన్నది. ఆయుధములు పెరిగినకొలది క్షేమము పెరుగునని పరిశుద్ధ గ్రంథమెక్కడను చెప్పలేదు. అయితే ఆ మూడువందల మందితో కూడ రాత్రివేళ మిద్యానీయుల దండు నొద్దకు దిగిపోయినవాడు గిద్యోనే. లెక్కల గదిలో కూర్చుండి, ఇతరుల కుమారులను మూడువందలకు తగ్గించి పంపువాడు ఆ కథను తన పక్షమున చెప్పుకొనరాదు.

మేహ్యూ అడిగిన దానిని ప్రభుత్వము రెండు సంవత్సరములకే చేయవలసివచ్చెను. 1967 నవంబరులో పౌను విలువ తగ్గించిరి. 1968 జనవరిలో, 1971 అంతమునకు సింగపూరు మొదలగు తూర్పు స్థావరములనుండి వచ్చివేయుదుమని ప్రకటించిరి. ఇటుకల లెక్కయు తగ్గెను. అప్పటికి ఆ యిద్దరును ఉద్యోగములలో లేరు.

రెండవ సంగతి 1981వ సంవత్సరములోనిది. రక్షణ మంత్రి జాన్ నాట్ మరల ఖర్చులు తగ్గింపవలసివచ్చెను. సోవియటు జలాంతర్గాములను ఎదుర్కొనుట ముఖ్యమనియు, దూర సముద్రములకు పోవు పెద్ద ఓడలు కొన్ని అక్కరలేదనియు ఆయన అభిప్రాయము. ఇన్విన్సిబుల్ అను విమానవాహక నౌకను ఆస్ట్రేలియాకు అమ్ముటకు ఏర్పాటాయెను. హెర్మీస్ అను పాత నౌకను విరమింపజేయవలసియుండెను. దక్షిణ సముద్రములో ఫాక్‌లాండ్ దీవుల యొద్ద తిరుగుచుండిన ఎండ్యూరెన్స్ అను చిన్న ఓడను కూడ తీసివేయుదుమనిరి. దీనికి ఎదురుగా బహిరంగముగా మాటలాడిన నౌకాదళ మంత్రి కీత్ స్పీడు 1981 మే నెలలో పదవినుండి తీసివేయబడెను.

నౌకాదళాధిపతి అడ్మిరల్ సర్ హెన్రీ లీచ్ తన శక్తికొలది వాదించెను. ఆయన మాట చెల్లలేదు. లూస్ వలె ఆయన రాజీనామా ఈయక, పనిలోనే నిలిచెను. ఆయన తండ్రి కెప్టెన్ జాన్ లీచ్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అను యుద్ధనౌకకు అధిపతిగా నుండి, 1941 డిసెంబరు 10న మలయా తీరము దగ్గర దానితోకూడ మరణించెను. పైన కాపాడు విమానములు లేక ఆ ఓడయు, దానితో పోయిన రిపల్సు అను ఓడయు జపాను విమానముల చేత మునిగిపోగా, ఎనిమిది వందలకు పైగా మనుష్యులు పోయిరి. ఆ దినములలో కుమారుడు చిన్న యుద్యోగిగా సింగపూరులోనే యుండెను. విమానవాహక నౌకల కొరకు ఈ మనుష్యుడు వాదించినప్పుడు అది పదవి కొరకైన వాదమని ఎవరైనను తేలికగా అనగలరా?

1982 మార్చి 31 సాయంకాలము, అర్జెంటీనా సైన్యము ఫాక్‌లాండ్ దీవుల మీదికి వచ్చుచున్నదను వార్త అందెను. లీచ్ యూనిఫారముతోనే పార్లమెంటు భవనమునకు పోయి ప్రధాన మంత్రి మార్గరెట్ థాచర్‌ను చూచెను. ఓడలను పంపగలరా అని ఆమె అడిగెను. ఆ క్షణమున ఆయనకు కలిగియుండగల శోధనను ఆలోచించుడి. మీరు గడ్డి తీసివేసితిరి, ఇటుకలు మీరే చేసికొనుడని చెప్పుట ఎంత సులభము! పంపగలము, పంపవలెను అని ఆయన చెప్పెను. ఏప్రిల్ 5న హెర్మీసును ఇన్విన్సిబులును పోర్ట్స్‌మత్ రేవు విడిచెను. ఒకటి విరమింపవలసినది, ఒకటి అమ్ముడుపోవలసినది.

ఆ ఓడలను సిద్ధపరచిన రేవు పనివారిని గూర్చి చెప్పక మానలేను. నాట్ ఏర్పాటు ప్రకారము వారిలో అనేకులు పని పోగొట్టుకొనవలసినవారు; కొందరికి తొలగింపు నోటీసులును వచ్చియుండెను. అట్టివారు రాత్రింబగళ్లు పని చేసి ఓడలను పంపిరి.

దీనిని 2 దినవృత్తాంతములు 25వ అధ్యాయముతో పోల్చి చూడుడి. యూదా రాజైన అమజ్యా ఇశ్రాయేలులో లక్షమందిని వెండి యిచ్చి కుదుర్చుకొని, దైవజనుని మాట విని వారిని ఇండ్లకు పంపివేసెను. ఇచ్చిన వెండి పోవునే యని అతడు విచారపడెను గాని, పంపబడినవారి మనస్సును గూర్చి యోచించినట్లు కనబడదు. వారు మిక్కిలి కోపముతో తిరిగిపోవుచు, యూదా పట్టణముల మీద పడి మూడు వేల మందిని చంపి కొల్లగొట్టిరి. తగ్గింపు దేవుని చిత్తమైనను, తగ్గింపబడినవారి కోపము ఏ పాపమెరుగని ఊళ్ల మీద పడెను. కోత విధించువారు డబ్బును లెక్కించునట్లు మనుష్యులను లెక్కింపరు. ఇది రాజుల కాలము నాటిదే.

1982 యుద్ధము లీచ్ వాదము సత్యమని రుజువు చేసెనని అనేకులు వ్రాసిరి. అంత సులభముగా నేను ఒప్పుకొనను. 255 మంది బ్రిటిషు సైనికులు, 649 మంది అర్జెంటీనా సైనికులు, ముగ్గురు దీవివాసులు చనిపోయిరి. ఎండ్యూరెన్సును తీసివేయుదుమనుట చూచి, బ్రిటనుకు ఆ దీవుల మీద పట్టుదల లేదని అర్జెంటీనా పాలకులు తలంచియుండవచ్చును. అయినను దండెత్తివచ్చిన పాపము దండెత్తిన వారిదే గాని బడ్జెటు వ్రాసిన గుమాస్తాది కాదు. నాట్ కూడ రాజీనామా ఇచ్చుటకు సిద్ధపడెను. ప్రధాన మంత్రి అంగీకరింపలేదు.

కాని షెఫీల్డ్ అను ఓడ సంగతి వేరు. దూరమునుండి వచ్చు శత్రు విమానములను ఆకాశమునుండి కనిపెట్టుటకు నౌకాదళమునకు గానెట్ అను విమానములుండెను. ఆర్క్ రాయల్ అను పెద్ద నౌక 1978లో పని చాలించినప్పుడు అవియు పోయెను. వాటికి బదులు ఏదియు రాలేదు. 1982 మే 4న అర్జెంటీనా విమానములు దూరమునుండి వదలిన క్షిపణి షెఫీల్డును తాకగా ఇరువది మంది మరణించిరి. చూచు కన్ను లేకపోయినను, ఓడ తన స్థానమున కావలి నిలిచియుండవలసివచ్చెను. ఆ యుద్ధమైన వెంటనే హెలికాప్టరులకు రాడారు అమర్చి ఆ లోటు తీర్చుకొనిరి. అంతకు ముందు కాదు.

లూస్ చేసినది సరియా, లీచ్ చేసినది సరియా అని మన యువజనులు వాదించుకొనవచ్చును. అసాధ్యమని తాను నమ్మిన పనికి మనుష్యులను పంపజాలక లూస్ వెళ్లిపోయెను. వెళ్లుటవలన కలిగిన నష్టము ఆయనదే. లీచ్ నిలిచి, ఓడిన వాదమును మనస్సులో పెట్టుకొని పగ తీర్చుకొనక, మిగిలిన ఓడలతో పని చేసెను. ఇద్దరును మాటలాడవలసిన కాలమున మాటలాడిరి. తమ మాట చెల్లనప్పుడు ఇద్దరిలో ఎవడును అమజ్యా సిపాయిల వలె ఊళ్ల మీద పడలేదు. నా మట్టుకు నేను లీచ్ వైపు మొగ్గుదును గాని, లూస్‌ను తప్పు పట్టలేను.

హెర్మీసును తరువాత మన దేశము కొనెను. అది 1987లో విరాట్ అను పేరున మన నౌకాదళములో చేరి, 2017 మార్చి వరకు ముప్పది సంవత్సరములు పని చేసెను. దానిని విశాఖపట్టణమునకు తెచ్చి ప్రదర్శనశాలగా నిలుపవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒకప్పుడు యోచించెను గాని అది సాగలేదు. 2020లో గుజరాతు తీరమందలి అలంగునకు లాగుకొనిపోయి, అక్కడ దానిని ముక్కలు చేసిరి.