కొత్త ఇంటికి పిట్టగోడ



ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:8.

ఈ వచనాన్ని చాలామందిమి చదివి దాటిపోతాం. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలి. కట్టించకుండా ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటిమీదికి వస్తుందని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పాడు. అప్పట్లో పైకప్పులు చదునుగా ఉండేవి. రాహాబు జనుపకట్టె పరిచింది మిద్దెమీదే (యెహోషువ 2:6). పేతురు యొప్పేలో ప్రార్థనకు ఎక్కిందీ మిద్దెమీదికే (అపొ. కా. 10:9). అంచు ఎక్కడుందో ఇంటి యజమానికి తెలుసు. పిట్టగోడ ముఖ్యంగా అది తెలియని అతిథి కోసం, ఆడుకునే పొరుగింటి పిల్లల కోసం. అదీ ఎవరూ పడకముందే కట్టాలి.

ఇప్పుడు 2024 సెప్టెంబరు 1ని గుర్తు చేసుకోండి. ఆ రోజు ఆదివారం. విజయవాడలో సింగ్‌నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట నీళ్లలో మునిగాయి. మనలో ఎందరో ఇక్కడినుంచి ఫోన్లు చేసి, అవతల ఎత్తేవారు లేక కంగారుపడ్డాం. ఆ నీళ్లు బుడమేరువి. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు అది. వరద ఊళ్లోకి రాకుండా వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర దాన్ని మళ్లించి, డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలో కలుపుతారు. ఆ రోజు ఆ కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొన్ని వీధుల్లో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు.

ఇలాంటివి జరిగినప్పుడల్లా "అది దేవుని తీర్పు" అనేవారు మన మధ్య కూడా ఉంటారు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకన్నా పాపులు కారని యేసుప్రభువు స్పష్టంగా చెప్పాడు (లూకా 13:4, 5). వాంబే కాలనీలో ఉండేది పేదవారు. వారి పాపాలు లెక్కపెట్టే పని మనది కాదు. మన పిట్టగోడ సంగతి చూసుకుందాం.

ఇక్కడ కొంచెం ఇబ్బందికరమైన మాట చెప్పాలి. మనం డాలర్లు పంపి హైదరాబాదులోనో విజయవాడలోనో ప్లాటు కొంటాం. వాస్తు, రోడ్డు వెడల్పు, రేటు అన్నీ అడుగుతాం. వాన నీళ్లు ఎటు పోతాయని అడిగేవారు ఎందరు? అది చెరువు శిఖం భూమా, ఎఫ్‌టీఎల్ లోపలా, వాగు బఫర్ జోనా అని సర్వే నంబరు పట్టుకుని విచారించేవారు ఎందరు? పల్లాన్ని మట్టితో నింపి మెరక చేస్తే నీళ్లు మాయం కావు. పక్క బస్తీకి పోతాయి. వరద తరువాత ఆ బస్తీకే మనం దుప్పట్లు పంపుతాం. పంపడం మంచిదే. కానీ మోషే ధర్మశాస్త్రం మొదట అడిగేది దుప్పటిని కాదు.

ఇది స్వదేశం సంగతి మాత్రమే కాదు. 2017లో హార్వీ తుపాను వచ్చినప్పుడు హ్యూస్టన్‌లో ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల వెనక భాగంలో కట్టిన వేలాది ఇళ్లు మునిగాయి. నిండినప్పుడు నీళ్లు నిలిచే చోట అది అని తెలియకుండా కొన్నవారు ఎందరో. అదే హ్యారిస్ కౌంటీలో కొత్త కాలనీ వేసేవారు వాన నీటిని ఆపే చెరువు తవ్వాలి. బాతులు తిరిగే ఆ చెరువును చూసి "హెచ్‌ఓఏ ఫీజు ఇందుకా" అని విసుక్కుంటాం. దిగువన ఉన్నవారికి అదే పిట్టగోడ!

సంఘంగా చేయగలిగినవి చాలా ఉన్నాయి, రెండే చెబుతాను. ఇండియానుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. ఫోనులో ఇంగ్లీషులో వచ్చే వరద హెచ్చరిక వారికి అర్థం కాదు. వారికి ఫోన్ చేసి తెలుగులో చెప్పేవారెవరో సంఘం ముందే నిర్ణయించాలి. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో వరద నష్టం ఉండదనీ, ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ సాధారణంగా 30 రోజుల తరువాతే అమలవుతుందనీ కొత్తగా ఇల్లు కొన్న కుటుంబాలకు చెప్పండి. అలాగే పారే నీరు అడుగు లోతున్నా చిన్న కారును కొట్టుకుపోగలదు. ఆరాధనకు ఆలస్యమైందని నీళ్లలోకి కారు దించకండి. పాస్టరుగారు ఏమీ అనుకోరు.

ప్రార్థన అంశము: బుడమేరు ఒడ్డున ఉన్న కుటుంబాల కొరకు, అక్కడి కాలువ గట్లు పటిష్టంగా నిలుచునట్లు ప్రార్థించండి. ఈ సంవత్సరం స్థలం కొనాలని ఆలోచిస్తున్న మన కుటుంబాల కొరకు కూడా, పేరుపేరున.