ఏం జాతి?

ఫోన్ చేసినోళ్ళు మొట్టమొదట అడిగేది ఇదే. "సారు, మీ కాడ కుక్కపిల్ల ఉందటగద. ఏం జాతి?"

"ఊరకుక్క" అంట నేను. సగం మంది ఆ మాటకే ఫోన్ పెట్టేస్తరు.

మన భాషనే చూడుండ్రి. ల్యాబ్రడారో పొమరేనియనో అయితే అది జాతికుక్క. మన గల్లీల పుట్టింది జాతి లేని కుక్క. మనుషులకు ఏసిన నిచ్చెననే వాటికీ ఏసిండ్రు. ఆ ప్రశ్న ఇన్నప్పుడల్లా సిద్దిపేటల కిరాయి ఇల్లు కోసం తిరిగిన రోజులు యాదికొస్తయి. కొందరు ఇంటిపేరు అడిగిండ్రు. కొందరు సూటిగనే "మీరేమోళ్లు?" అన్నరు. చెప్పినంక "ఇల్లు మా చుట్టాలకు అనుకున్నం" అన్నరు. నేను సర్కారు బడి పంతుల్ని. మాదిగోన్ని. మొదటిది ఎన్నడూ ఇల్లు ఇప్పియ్యలే, రెండోది ఎన్నోసార్లు ఇల్లు పోగొట్టింది.

మా నాయిన ఊర్ల సచ్చిన గొడ్లను ఈడ్చుకపోయి తోలు తీసేటోడు. ఆయన కత్తి పట్టంగనే కుక్కలొచ్చి చుట్టూ కూసునేటియి. నాయిన వాటిని కొట్టకపోయేది. "వాటి పాలు వాటికుంటది" అనేటోడు. అదే కుక్కలు పొద్దుమీకి పోయి పటేలు అరుగు మీద, గుడి మెట్ల మీద పండేటియి. నాయిన అక్కడిదాంక పోయేది లేదు. 1927 మార్చి 20న మహాద్‌ల చవదార్ చెరువు నీళ్ళు బాబాసాహెబ్ దోసిట్లకు తీసుకున్నది గీ లెక్క మీదనే. పశువులు తాగే నీళ్ళను మనుషులు ముట్టొద్దంటే ఆయన ముట్టిండు. 1931 ఆగస్టుల గాంధీని కలిసినప్పుడు గూడ, కుక్కలకన్న పిల్లులకన్న హీనంగ చూసే దేశాన్ని నా దేశమని ఎట్ల అనుకోవాలని నిలదీసిండు.

ఇంత తెలిసినోనివి, నువ్వు కుక్కలను సాదుడేందని మా సంఘంల మిత్రులు అడుగుతరు. వాళ్ళ ప్రశ్నకు జవాబు చెప్పాలనే ఇది రాస్తున్న.

2021ల మల్లన్నసాగర్ కింద ఊర్లు ఖాళీ అయితున్నయి. 2016 నుంచి వందల రోజులు రిలే నిరాహార దీక్ష చేసిన వేములఘాట్ గూడ అందుల ఉన్నది. ఒక చుట్టం సామాను ఎక్కియ్యనీకి నేనొక ముంపు ఊరికి పోయిన. ట్రాక్టర్లు కదిలినయి. కుక్కలు ఎంటబడి ఉరికినయి. కొంత దూరం ఉరికి, ఆగి, మళ్ళ కూలిన గోడల కాడికే మర్లినయి. మనుషులకు గజ్వేల్ కాడ కాలనీ అన్నరు, పరిహారమన్నరు, అందులనే సగం కొట్లాటలు. కుక్కల పేరు ఏ లిస్టులనూ లేదు. 2022 ఫిబ్రవరిల 50 టీఎంసీల జలాశయాన్ని ప్రారంభించిండ్రు.

వీధికుక్కకు ఆపరేషన్ చేసి, టీకా ఏసి, ఎక్కడ పట్టుకున్నరో అక్కడ్నే ఇడువాలని 2001 నిబంధనలు చెప్పినయి. వాటి జాగల వచ్చిన 2023 నిబంధనలు గూడ గదే చెప్తయి. మరి ఆ జాగే నీళ్ళ కింద పోతే యాడ ఇడువాలె? ఆనాడు రెండిటిని ఇంటికి తెచ్చిన. గట్ల మొదలైంది. సొంత ఇల్లు దొరికేదాంక సాది, దొరికినంక ఇచ్చేసుడు. హైదరాబాద్‌ల ఈ పనికి 1992 నుంచి బ్లూ క్రాస్ ఉన్నది. సిద్దిపేటల నాకున్నది ఒక రేకుల షెడ్డు, నా భార్య ఓపిక.

తెచ్చిన పిల్లను రెండు వారాలు వేరుగ ఉంచుత. గిన్నె వేరు, గుడ్డ వేరు. పార్వో ఉంటే మిగతాటికి అంటుకుంటది. మొదట్ల ఆ వేరు గిన్నెను చూస్తే నాకే రోతనిపించేది. తర్వాత తేడా తెలిసింది. రోగానికి పెట్టిన దూరానికి గడువుంటది. మాకు పెట్టిన దూరానికి గడువెక్కడిది?

మిత్రులు అడిగేదాంట్ల నిజం లేకపోలేదు. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ అంబర్‌పేటల నాలుగేండ్ల పిలగాన్ని కుక్కలు చంపినయి. తండ్రి వాచ్‌మన్. కుక్కకాటు ఎక్కువ పడేది ఆరుబయట పండేటోళ్ళకు, తెల్లారకముందే రోడ్లూడ్వబోయేటోళ్ళకు. అంటే మనోళ్ళకే. పిచ్చి లక్షణాలు బయటపడ్డంక మనిషిని బతికించే మందు దాదాపు లేదు. కారు అద్దంలకెల్లి బిస్కెట్లు ఇసిరి పోయేటోళ్ళకు ఈ బాధ తెల్వది. అందుకే నేను టీకా ఏయించకుండ ఒక్క పిల్లను గూడ గడప దాటనియ్య. నాది జాలి ఒక్కటే కాదు, మన వాడ పిల్లల కావలి గూడ.

ఇగ అసలు సంగతికొస్త. 2024 ఎండకాలంల ఒక పెద్ద ఇంటోళ్ళు పిల్లను అడిగిండ్రు. ఊరకుక్క అన్నా ఒప్పుకున్నరు. సంబురమనిపించింది. పిల్లను తీసుకొని, నా బిడ్డను ఎంటబెట్టుకొని పోయిన. చుట్టూ గోడ, వాకిట్ల మామిడి చెట్టు. నేను అందర్నీ అడిగే ప్రశ్నలే అడిగిన. పగలు ఇంట్ల ఎవరుంటరు? పొద్దంత కట్టేస్తరా? ఆపరేషన్ చేయిస్తరా? ముసలిదైతే ఏం చేస్తరు? అన్నిటికీ మంచి జవాబులే. నడుమ ఆ ఇంటాయన మా ఊరడిగిండు, ఇంటిపేరడిగిండు. చెప్పిన. అటెన్క మాకు వరండల కుర్చీలేసిండ్రు. చాయ కాయితం కప్పులల్ల వచ్చింది. ఆళ్ళు స్టీలు గ్లాసులల్ల తాగుతున్నరు. పిల్ల మాత్రం లోపటికి ఉరికి, హాలంత వాసన చూసి, సోఫా కింద దూరింది. అందరు నవ్విండ్రు. నా బిడ్డ నవ్వలే.

నా లోపల ఒకటే మాట. పిల్లను గుంజుకొని లేచి పోవాలె. కానీ కాలు లేవలే. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుల ఇల్లు ఊరి బయట అన్నది, వాళ్ళ ఆస్తి కుక్కలు, గాడిదలే అన్నది. నా అవమానానికి బదులు తీర్చనీకి ఈ పిల్లను వాడుకుంటే, ఇది నా ఆస్తి అని నేనే ఒప్పుకున్నట్టు గాదా? దానికి దక్కే మామిడి చెట్టు నీడను కాదనే హక్కు నాకెవరిచ్చిండ్రు? అట్లని, ఆ కప్పు చేతుల పట్టుకొని నవ్వుకుంట పిల్లను అప్పజెప్తే నా బిడ్డ ఏం నేర్చుకుంటది?

మహాభారతంల ధర్మరాజు కుక్క లేకుండ స్వర్గంల అడుగు పెట్టనన్నడు. గొప్ప మాటే. కానీ కథ చివర ఆ కుక్క ధర్మదేవత అని తేలుతది. ఉత్త కుక్కనే అయితే ఏమయ్యేదో కథ చెప్పలే. దేవుడని తేలినంక గౌరవించుడు సులువు. ఏమీ తేలని దాన్ని ఏం చేస్తరన్నదే ప్రశ్న.

అందుకని అందరికీ పెట్టే షరతునే పెట్టిన. "నెలకోసారి వచ్చి చూస్త సారు. పిల్ల యాడ పంటదో, యాడ తింటదో ఆడిదాంక లోపటికి వస్త. ఇయ్యాల గూడ చూడాలె." ఆయన ఇంటామె దిక్కు చూసిండు. "ఫొటోలు పంపుతం గద" అన్నడు. "ఫొటోలతోని ఇయ్య సారు" అన్న. ఆలోచించి ఫోన్ చేస్తమన్నరు. పిల్లను పట్టుకొని వచ్చినం. ఫోన్ రాలే.

దోవల నా బిడ్డ అడిగింది. "బాపు, ఆళ్ళు నిన్ను రానియ్యలేదని దానికి ఇల్లు పోగొట్టినవా?" లేదన్న. షరతు అందరికీ ఒక్కటే అన్న. కానీ ఆ పూట నా గొంతుల కోపం లేదని ప్రమాణం చెయ్యలేను. ఆ ప్రశ్న నాకింకా తెగలే.

ఒక్కటి మాత్రం తేలింది. కుక్కను ఇచ్చేటప్పుడు మనం ఇంటిని పరీక్షిస్తం గని కుక్కను కాదు. నీళ్ళు పెడ్తరా, కొడ్తరా, నడిమిట్ల ఇడిసిపెడ్తరా అని చూస్తం. మనకు మాత్రం తరతరాలుగ పరీక్ష తలకిందులు. ఇల్లు అడుగుతది, మనం జవాబు చెప్తం. శుభ్రమేనా, కూర ఏం వండుతరు, మీరేమోళ్లు అని. మనం ఎన్నడన్న "ఈ ఇల్లు మనిషి ఉండతగ్గదేనా?" అని ఎదురు అడిగినమా?

ఇంకో మూడు నెలలు పిల్ల మా షెడ్డులనే ఉన్నది. ఆఖరుకు ఒక బీడీలు చేసే అక్క వచ్చింది. రెండు అర్రల ఇల్లు, గోడ లేదు, మామిడి చెట్టు లేదు. నేను ప్రశ్నలు మొదలు పెట్టకముందే పిల్లను ఒళ్ళెకు తీసుకొని ఆమెనే అడిగింది.

"ఏం తింటదే తమ్మీ?"