పునాదిలో ఆగిన ఇల్లు - మన బాధ్యత

సర్వస్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

సోదర సోదరీమణులారా! దివ్యఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా 80వ ఆయతులో అల్లాహ్, మన ఇళ్లను మనకు ప్రశాంతి నిలయాలుగా చేసిన సంగతిని గుర్తుచేశాడు. నెలనెలా అద్దె కోసం మాటలు పడేవారికి, వానొస్తే కారే మట్టి మిద్దె కింద పిల్లల్ని పక్కకు జరుపుకునేవారికి ఈ అనుగ్రహం విలువ వేరే చెప్పనక్కరలేదు.

దైవప్రవక్త (సఅసం) మదీనా చేరినప్పుడు ఆయనకు అక్కడ సొంత ఇల్లు లేదు. కొన్ని నెలలు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో ఉన్నారు. మస్జిద్ కోసం ఎంచుకున్న స్థలం సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా ఆయన ఒప్పుకోలేదు, వెల చెల్లించే తీసుకున్నారు. ఈ సంఘటనల్లో మనకు రెండు పాఠాలున్నాయి. నీడ లేనివారికి నీడ కల్పించడం అన్సార్ల బాట. ఆ నీడ కింద ఉన్న నేల ధర్మసమ్మతంగా రావాలన్నది ప్రవక్త (సఅసం) బోధ.

అర్హులకే ఆ సాయం

మన కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ప్రభుత్వ ఇళ్ల పథకాలు కొత్త కాదు. 2006లో ఇందిరమ్మ పథకం, 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చాయి. 2020 డిసెంబరు 25 నుండి రాష్ట్రమంతటా సుమారు 30 లక్షల ఇంటి పట్టాలు ఆడవారి పేరిట ఇచ్చారు. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర స్థలం. కర్నూలు జగన్నాథగట్టు వంటి చోట్ల టిడ్కో ఇళ్లు లేచాయి.

ఈ సాయం తీసుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. అర్హులైన పేదలు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అది ప్రజల ఖజానా నుండి పేదల కోసం కేటాయించిన సొమ్ము. అయితే దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబమై ఉండాలన్నది ఆవాస్ యోజన షరతు. మిద్దె మీద మిద్దె ఉన్నవాడు కొడుకు పేరిట, కోడలి పేరిట దరఖాస్తు పెడితే అది అబద్ధం, పైగా ఒక వితంతువు నోటి ముందరి ముద్దను లాక్కోవడం. పరుల సొమ్మును అధర్మంగా కాజేయడానికి అధికారుల వద్దకు చేరవద్దని బఖరా సూరా 188వ ఆయతు హెచ్చరిస్తోంది. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయన్న హదీసు మనం విన్నదే.

పట్టా ఎవరి పేరిటో ఇల్లు వారిదే

"పేరుకే ఆమెది, ఇల్లు నాదే" అనే భర్తలు ఉన్నారు. ప్రభుత్వం ఆమెకు ఇచ్చినది ఆమె ఆస్తి. ఆమె సమ్మతి లేకుండా అమ్మే, తాకట్టు పెట్టే హక్కు భర్తకు లేదు. తలాఖ్ మాట వచ్చినప్పుడు ఆమెను ఆ ఇంటి నుండి వెళ్లగొట్టడం ఘోరమైన అన్యాయం. ఆమె మరణిస్తే ఇల్లు వారసులందరికీ షరీఅత్ ప్రకారం చెందుతుంది. సంతానం ఉంటే భర్త వాటా నాలుగో వంతు మాత్రమే. ఇల్లు కట్టడానికి భర్త సొంత డబ్బు పెడుతుంటే, అది కానుకా, అప్పా, భాగమా అన్నది ఆ రోజే ఇద్దరు సాక్షుల ముందు రాసుకోవాలి.

వడ్డీ మాటేమిటి?

300 చదరపు అడుగుల టిడ్కో ఇంటికి బ్యాంకు అప్పు లేకుండా చేశారు. అయితే 365, 430 చదరపు అడుగుల ఇళ్లకు అప్పు ముడిపడి ఉంది. స్థలం ఉన్నవారికి 35 వేల పావలా వడ్డీ రుణం చూపించారు. పావలా అయినా వడ్డీ వడ్డీయే, తక్కువన్న కారణంతో అది ధర్మసమ్మతం కాదు. నిజంగా గత్యంతరం లేనివారు తమ కాగితాలన్నీ తీసుకెళ్లి ఒక ముఫ్తీ సాహెబ్‌కు చూపించి నిర్ణయం తీసుకోవాలి. పక్కింటివారు తీసుకున్నారు కదా అన్నది దలీల్ కాదు.

కానీ ఒక ప్రశ్న మనల్నీ అడగబడుతుంది. ఆ పేదను వడ్డీ గడప దాకా నడిపించింది ఎవరు?

2020 పథకంలో ఇంటికి 1.80 లక్షల సాయం అన్నారు. 2024లో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలో అది 2.50 లక్షలైంది. ఆ డబ్బు ముందుగా చేతికి రాదు. బేస్‌మెంట్ అయ్యాక ఒక బిల్లు, గోడలు లేచి స్లాబు పడ్డాక మరొకటి. ముందు తాను పెట్టుకోగలిగినవాడి ఇల్లే లేస్తుంది. బేల్దారి కూలి, ఇనుము, సిమెంటుకు చేతిలో పైసా లేని కూలిమనిషి ఇల్లు పునాదిలోనే ఆగిపోతుంది. కాలనీల్లో కంపచెట్లు మొలిచిన పునాదులను మేము చూస్తూనే ఉన్నాము. అక్కడికి వచ్చేది వారపు వడ్డీ వ్యాపారి. ఖర్జె హసనా పట్టుకుని మనం వెళ్లలేదు.

కనుక ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లాలో ఆగిపోయిన ఇళ్ల జాబితా రాయాలి. కువైట్ సంపాదన ఉన్నవారు, బండల వ్యాపారులు, ఉద్యోగులు కలిసి బిల్లు వచ్చేవరకు సరిపడే ఖర్జె హసనా ఇవ్వాలి. బఖరా 282వ ఆయతు ఆదేశించినట్లు అప్పును రాసుకోవాలి. బిల్లు ఆలస్యమైతే 280వ ఆయతు చెప్పినట్లు గడువు ఇవ్వాలి. మాఫ్ చేస్తే మరీ మేలు.

పట్టా ఉన్నవారికి జకాత్ చెల్లుతుందా? హనఫీ ఫిఖహ్‌లో నివసించే ఇల్లు మౌలిక అవసరం, అది నిసాబ్ లెక్కలోకి రాదు. అవసరాలకు మించి నిసాబ్ లేని పేదకు జకాత్ ఇవ్వవచ్చు. అయితే ఆ సొమ్మును వారి చేతికి ఇచ్చి వారిని యజమానిని చేయాలి. సయ్యద్ కుటుంబాలకు జకాత్ కాక, కానుకగా సాయం చేయాలి.

పాత ఇళ్లు పూర్తి చేసుకోవడానికి 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం బీసీలకు 50 వేల అదనపు సాయం ప్రకటించింది. దూదేకుల సోదరులు, బీసీ-ఈ జాబితాలోని వారు తమకు వర్తిస్తుందేమో సచివాలయంలో అడగాలి. చదువుకున్న యువకులు వారి వెంట వెళ్లి కాగితాలు నింపిపెట్టడం కూడా సదఖాయే.

ఓ అల్లాహ్! నీడ లేనివారికి నీడ ప్రసాదించు. మా ఇళ్లను హలాల్ సంపాదనతో, నమాజుతో, ఖుర్ఆన్ పారాయణంతో నింపు. పొరుగువాడి ఆగిన గోడను చూసి ముఖం తిప్పుకునేవారిలో మమ్మల్ని చేర్చకు. ఆమీన్.