గొల్లకావడి నడక

గడియారాలు లేని పల్లెల్లో రాత్రివేళ ఎంత పొద్దుపోయిందో గొల్లకావడి చెప్పేది. వరుసగా మెరిసే ఆ మూడు చుక్కలు ఎంత వాలాయో చూసి, ఇక తెల్లవారబోతోందని లెక్క కట్టేవారు.

నిజానికి కదిలేది చుక్కలు కాదు, మన కాళ్ల కింది నేల. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంటే, ఆకాశమే గంటకు 15 డిగ్రీల చొప్పున పడమరకు జారుతున్నట్టు ఉంటుంది. క్రీ.శ. 499 ప్రాంతంలోనే ఆర్యభటుడు ఈ మాట అన్నాడు. పడవలో వెళ్లేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు తోస్తుంది కదా, ఆయన చెప్పిన పోలిక అదే. అలాగైతే ఎగిరిన పక్షులు గూటికెలా చేరతాయని వరాహమిహిరుడు ఎదురు ప్రశ్న వేశాడు. తప్పే గానీ, భలే ప్రశ్న! నేలతోపాటు గాలీ తిరుగుతుందన్నదే దానికి జవాబు.

భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టేది 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాలు. అందుకే ఈ రాత్రి 8కి పొడిచిన చుక్క రేపు 4 నిమిషాలు ముందే వస్తుంది. నెల తిరిగేసరికి 6 గంటలకే హాజరు.

అన్ని చుక్కల దారీ ఒకటి కాదు. గొల్లకావడి దాదాపు సరిగ్గా తూర్పున పొడిచి, 12 గంటలు నడుస్తుంది. హైదరాబాద్ నుంచి చూస్తే అగస్త్య నక్షత్రం దక్షిణాన 20 డిగ్రీల ఎత్తు దాటకుండానే, 9 గంటల్లోపు దిగిపోతుంది. ధ్రువ నక్షత్రం మాత్రం ఉత్తరాన 17 డిగ్రీల ఎత్తులో దాదాపు కదలకుండా నిలుస్తుంది.

ఈ రాత్రి డాబా ఎక్కి, తూర్పున ఒక చుక్కను కొబ్బరాకు అంచుకు గురిపెట్టి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి.